హోటల్ గదిలో హాయిగా ఉండాలంటే ఏమేం అడగాలి: ఒక హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ చెప్పే సంగతులు

బెజవాడ గాంధీనగర్‌లో ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ చూస్తాను. మాది స్టార్ హోటల్ కాదు, అలాగని మరీ లాడ్జీ కూడా కాదు. పెళ్లిళ్లకొచ్చేవాళ్లు, అమ్మవారి దర్శనానికొచ్చేవాళ్లు, మందుల కంపెనీల కుర్రాళ్లు, వెలగపూడి సచివాలయంలో ఫైలు పట్టుకుని తిరిగేవాళ్లు, వీళ్లే మా గెస్టులు. గది నాలుగు గోడలే అయినా ఒకరు హాయిగా నిద్రపోతారు, పక్కగదిలో ఇంకొకరు రాత్రంతా అటూ ఇటూ దొర్లి పొద్దున్నే రిసెప్షన్ మీద విరుచుకుపడతారు. డబ్బు ఇద్దరూ ఒకటే కట్టారు. తేడా ఎక్కడుందంటే, మొదటాయన అడిగాడు, రెండో ఆయన అడగలేదు.

మా స్టోర్ రూమ్‌లో ఏముంటాయో చెబుతాను వినండి. అదనపు దిండ్లు (లావువి, పల్చనివి వేరువేరుగా), ఏసీ దుప్పట్లు, ఇస్త్రీ పెట్టె, దాని బల్ల, స్పైక్ బస్టర్లు, దోమల మందు మెషీన్లు, బాత్‌రూమ్‌లో కూర్చోవడానికి ప్లాస్టిక్ స్టూళ్లు, వేణ్ణీళ్ల రబ్బరు సంచి, ఫ్లాస్కులు, సూది దారం, దూది, పాత టవళ్లు, చంటిపిల్లల కింద వేసే రబ్బరు షీటు. వీటిలో ఏదీ గదిలో పెట్టం. పెడితే నిలవవు, అది వేరే సంగతి. గదిలో ఫోన్ ఎత్తి తొమ్మిది నొక్కి అడిగితే మాత్రం వస్తాయి, వీటికి డబ్బులు తీసుకోం. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక హోటలువాళ్లు పెడతారా!

గది చేతికి రాకముందే

యాప్‌లో బుక్ చేసుకుంటే చేసుకోండి. కానీ ‘సూపర్ డీలక్స్’, ‘ఎగ్జిక్యూటివ్’, ‘ప్రీమియం’ లాంటి పేర్లు చూసి మురిసిపోకండి. ఆ పేర్లకు ఒక కొలతంటూ లేదు, ఎవరిష్టం వాళ్లది. బుక్ చేశాక హోటల్‌కి ఒక ఫోన్ కొట్టి, గది ఎటువైపు ఇస్తున్నారో కనుక్కోండి. యాప్ మీకు హోటల్ పేరు వరకే ఇస్తుంది, గది నంబరు వేసేది రిసెప్షన్‌లో ఉన్న కుర్రాడు. వాడితో రెండు మాటలు మంచిగా మాట్లాడినవాళ్లకు మంచి గదే వస్తుంది.

రోడ్డు వైపు వద్దు, వెనకవైపు ఇవ్వండి అంటారు అందరూ. వెనక ఏముంటుందో చూసి అడగాలి. చాలా హోటళ్లలో జనరేటరూ, వంటింటి పొగ లాగే పెద్ద ఫ్యానూ వెనకే ఉంటాయి. ఏలూరు రోడ్డు మీద బండ్ల హారన్లు రాత్రి పదకొండు దాటాక తగ్గుతాయేమో గానీ, కరెంటు పోతే జనరేటర్ మీ దిండు కిందే ఉన్నట్టు మోగుతుంది. పై అంతస్తు మంచిదనుకుంటారు కొందరు. ఎండాకాలం శ్లాబు పగలంతా కాగి, రాత్రి చాలాసేపటి వరకు వేడి కక్కుతూనే ఉంటుంది. పైగా లిఫ్ట్ మోటారు సాధారణంగా దాని నెత్తినే ఉంటుంది. అందుకని మధ్య అంతస్తు, లిఫ్ట్‌కి దూరంగా, దుప్పట్లూ టవళ్లూ పెట్టుకునే మా లినెన్ రూమ్‌కి కూడా దూరంగా ఉండే గది అడగండి. పొద్దున ఆరింటికే మా బకెట్లు, ట్రాలీలు కదులుతాయి. మే నెలలో అయితే పడమటి గోడ ఉన్న గది అసలే వద్దు. సాయంత్రం ఏసీ ఎంత వేసినా గోడ మాట గోడదే.

ఇంకొకటి తప్పకుండా అడగాలి: “ఆ రోజు మీ హాల్లో ఫంక్షన్ ఉందా?” మాఘం, వైశాఖం, శ్రావణం ముహూర్తాల్లో హాలు ఖాళీగా ఉండదు. కింద డీజే పెడితే మొదటి అంతస్తులో మంచినీళ్ల గ్లాసు కూడా వణుకుతుంది. ఫంక్షన్ ఉందని చెబితే మానేయమని కాదు, హాలుకు ఎంత పైన వీలైతే అంత పైన ఇవ్వమని అడగమంటున్నాను. ధనుర్మాసంలో గుడి మైకు తెల్లవారుజామునే మొదలైతే మాత్రం మేమేం చేయలేం. దూది పంపిస్తాం, చెవుల్లో పెట్టుకోండి.

టైము లెక్క ముందే తేల్చుకోండి. మన ఊళ్లలో చాలా లాడ్జీలకు, చిన్న హోటళ్లకు ఇరవైనాలుగు గంటల పద్ధతి. మీరు పుస్తకంలో సంతకం పెట్టిన దగ్గర్నుంచి మర్నాడు అదే టైము దాకా గది మీది. పెద్ద హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండుకల్లా ఖాళీ చేయాలి, ఎప్పుడొచ్చారన్నది లెక్కలోకి రాదు. ఇరవైనాలుగు గంటల చోట తెల్లవారుజామున నాలుగున్నరకు రైలు దిగి పరుగెత్తుకొచ్చి సంతకం పెట్టేస్తే, మర్నాడు నాలుగున్నరకు గది లెక్క అయిపోయినట్టే. స్టేషన్ బయట ఓ కాఫీ తాగి, పేపరు తిరగేసి, ఆరింటికి వస్తే మర్నాడు ఆరింటిదాకా పడుకోవచ్చు. పన్నెండు గంటల హోటలైతే ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, “రేపు పొద్దున్నే దిగుతున్నాం, గది ఉంటే ఇవ్వగలరా” అని అడగండి. ముందురాత్రి ఖాళీగా ఉన్న గది ఏదైనా ఉంటే పేరు రాసి పెడతారు. దసరా రోజుల్లో మాత్రం ఈ మాట బెజవాడలో పనిచేయదు. మూలా నక్షత్రం రోజున మా కారిడార్‌లో కుర్చీ కూడా ఖాళీ ఉండదు.

కేవలం స్నానం చేసి, బట్టలు మార్చుకుని వెళ్లిపోయేవాళ్లకు హోటలే దండగ. విజయవాడ స్టేషన్లో రిటైరింగ్ రూములున్నాయి, మీ టికెట్ పీఎన్‌ఆర్ కొట్టి ఐఆర్‌సీటీసీలో తీసుకోవచ్చు. మా వ్యాపారానికి నష్టమే, అయినా ఉన్న మాట చెబుతున్నాను.

గుర్తింపు కార్డు అడిగినప్పుడు ఆధార్ మొత్తం నంబరు ఇవ్వక్కర్లేదు. చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ దింపుకుని ఉంచుకోండి, లేదా లైసెన్సు చూపించండి.

మొదటి పావుగంట

గదిలోకి వెళ్లగానే బ్యాగు మంచం మీద పడేయకండి. బల్ల మీదో, బ్యాగులు పెట్టే స్టాండు మీదో పెట్టండి. తర్వాత పరుపు ఒక మూల పైకెత్తి, కుట్టు వెంబడి సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలుంటే నల్లులున్నట్టే. తలవైపు చెక్కకూ గోడకూ మధ్య సందులోనూ చూడండి. ఉంటే దుప్పటి మార్చమని అడగకండి, దానివల్ల ఒరిగేదేం లేదు. వేరే గది అడగండి, అదీ పక్కగది కాదు, వేరే అంతస్తులో. నల్లి గోడ సందుల్లోంచి పక్కగదికి పోతుంది. ఏ హోటలైనా, ఎంత పెద్దదైనా, ఒక గెస్టు సూట్‌కేసులో వచ్చే నల్లుల్ని ఆపలేదు. పెద్ద హోటల్ కదా అని చూడకుండా పడుకోవద్దు.

బ్యాగులు తెచ్చిన కుర్రాణ్ణి అప్పుడే పంపేయకండి. వాడు గుమ్మంలో ఉండగానే ఏసీ వేయండి, గీజరు స్విచ్ నొక్కండి, ఫ్లష్ లాగండి, తలుపు లోపలి గడియ వేసి తీయండి, టీవీ పెట్టండి. ఏదైనా పనిచేయకపోతే వాడే కిందికి ఫోన్ చేసి గది మార్పిస్తాడు, రెండు నిమిషాల పని. మీరు బట్టలన్నీ అలమరలో సర్దుకుని, పిల్లలు మంచం ఎక్కి గెంతడం మొదలుపెట్టాక ఫోన్ చేశారనుకోండి, “టెక్నీషియన్ వస్తున్నాడండీ” అంటాం. ఆ టెక్నీషియన్ మూడు అంతస్తులకూ ఒక్కడే.

తాళం చెవికి బదులు కార్డు ఇచ్చే హోటళ్లలో, గుమ్మం పక్కన గూట్లో ఆ కార్డు పెడితేనే గదిలో కరెంటు. బయటికి వెళ్తూ తీసుకెళ్తే ఏసీతో పాటు ఫోన్ చార్జింగ్ కూడా ఆగిపోతుంది. ఫ్రిజ్ ఉన్న గదిలో దాని ప్లగ్గుకు చాలాచోట్ల కరెంటు వేరే లైను, కార్డు తీసినా పోదు. ఫోన్, ల్యాప్‌టాప్ ఆ పక్కన పెట్టుకోవచ్చేమో చూడండి. పాత గదుల్లో మంచం పక్కన ప్లగ్గే ఉండదు, అంతా టీవీ వెనకే. స్పైక్ బస్టర్ అడగండి. నలుగురున్న కుటుంబానికి నాలుగు ఫోన్లు, రాత్రి వాటికోసం కొట్లాడుకునే బదులు ఒక ఫోన్ కాల్ చాలు.

మంచం సంగతి

ఇది నా పని కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

మా కుర్రాడు మంచం వేసేటప్పుడు పక్కన నిలబడి చూడాలి మీరు. దుప్పటి ఒక్క విదిలింపులో పరుపు మీద పరుస్తాడు. నడిమి మడత గీత పరుపు నడిమికి వచ్చిందా లేదా కంటితోనే కొలుస్తాడు. తలవైపు లోపలికి దోపి, మూలల దగ్గర అంచు పైకెత్తి, మడిచి, కిందికి లాగి పరుపు కిందికి తోస్తాడు. ఆ మూల గట్టిగా కుదిరితే మీరు రాత్రంతా దొర్లినా దుప్పటి ఊడిరాదు. దాని మీద కప్పుకునే తెల్ల దుప్పటి, దాని మీద కంబళి. మంచి హోటళ్లలో కంబళి పైన ఇంకో తెల్ల దుప్పటి వేస్తారు. ఎందుకంటే, ఈ మాట హోటలువాళ్లు ఎవరూ మీతో అనరు గానీ, తెల్ల దుప్పట్లూ గలేబులూ గెస్టు మారినప్పుడల్లా మారతాయి, లావు కంబళ్లు, రజాయిలు చాలా హోటళ్లలో అలా మారవు. వాటిని రోజూ ఉతికి ఆరబెట్టడం అయ్యే పని కాదు. కాబట్టి కంబళి ఒంటికి తగలకుండా మధ్యలో ఒక తెల్ల దుప్పటి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే “ఒక షీటు ఎక్స్‌ట్రా పంపండి” అంటే సరిపోతుంది. ఉతికిన దుప్పటి మెత్తదనం ఒంటికి తగులుతుంది, కంబళి వెచ్చదనం పైనుంచి వస్తుంది. మా ఇంట్లోవాళ్లతో ఎక్కడికెళ్లినా నేను మొదట అడిగేది ఇదే.

దుప్పటి ఉతికిందో కాదో ఎలా తెలుస్తుందంటారా? లాండ్రీ నుంచి వచ్చిన దుప్పటి మీద ఇస్త్రీ మడతల గీతలు నిలువునా అడ్డంగా పదునుగా కనబడతాయి. ఎవరైనా ఒక్క గంట పడుకుని లేచినా ఆ గీతలు చెదిరిపోతాయి, మళ్లీ చేత్తో దులిపితే రావు. దిండు గలేబు ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. కొబ్బరినూనె వాసనో, సెంటు వాసనో వస్తే మార్పించండి. ఇందులో మొహమాటం ఎందుకు? అలాంటి గలేబు వేసిన కుర్రాణ్ణి నేనే పట్టుకుని అడుగుతాను.

కాళ్లవైపు దుప్పటి బిగించి దోపి ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ పొడుగువాళ్లకు పాదాలు నిటారుగా పెట్టుకోవడానికి వీలుండదు. పడుకునే ముందు కాళ్లవైపు ఒకసారి లాగేయండి, మేమేం అనుకోం.

మెడనొప్పి ఉన్నవాళ్లు మా లావు దిండ్లతో నానా తిప్పలు పడతారు. పల్చటి దిండు అడగండి, ఉంటుంది. లేకపోతే పెద్ద టవలు నాలుగు మడతలు పెట్టి గలేబులో దూర్చుకోండి. మోకాళ్ల నొప్పులవాళ్లకు రెండో దిండు తలకు కాదు, మోకాళ్ల కిందికి.

అదనపు పరుపు గురించి ఒక మాట. ఎక్స్‌ట్రా బెడ్ అని డబ్బులు తీసుకుని చాలాచోట్ల ఇచ్చేది నేల మీద వేసే పరుపే. ముగ్గురు పెద్దవాళ్లుంటే బుక్ చేసేటప్పుడే అది మంచమా పరుపా అని అడగండి. తీరా రాత్రి చూసి మామగారిని నేల మీద ఎలా పడుకోబెట్టాలని తర్జనభర్జన పడే కుటుంబాలను చూస్తూనే ఉంటాను.

నీళ్లు

గీజరు మీద నీలి రంగు, ఎర్ర రంగు లైట్లు చూసి కంగారుపడక్కర్లేదు, చూడాల్సింది దాని సైజు. పదిహేను లీటర్లది, రెండు వేల వాట్లదైతే పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. ఇరవైఐదు లీటర్లదైతే అరగంట. స్విచ్ వేసి వెంటనే టాప్ తిప్పి “వేడినీళ్లు రావట్లేదు” అని ఫోన్ చేసేవాళ్లే పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకు సగంమంది. నలుగురు వరసగా స్నానం చేయాలంటే షవర్ జోలికి పోకండి, బకెట్ పెట్టుకోండి. బాగా కాగిన పదిహేను లీటర్లలో చన్నీళ్లు కలిపితే రెండు బకెట్లవుతాయి. అదే షవర్‌లో ఒక్కరికే అయిపోతాయి.

పైన సోలార్ ఉన్న హోటళ్లలో గీజర్ ఉండదు, పొద్దున కొన్ని గంటలే వేణ్ణీళ్లు. “ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా” అని రాత్రే అడిగిపెట్టుకోండి. పైపు పొడుగునా నిలిచిన చన్నీళ్లు పోయాకే వేడివి వస్తాయి, ఆ చన్నీళ్లు పారబోయకుండా ఒక బకెట్‌లో పట్టుకుంటే కలుపుకోడానికి పనికొస్తాయి.

ఎండాకాలానికి ఇంకో కిటుకు. మే నెల మధ్యాహ్నం బెజవాడలో చన్నీళ్ల టాప్ తిప్పితే కాగే నీళ్లొస్తాయి, మేడ మీద ట్యాంకు ఎండలో ఉంటుంది మరి. అప్పుడు గీజరు ఆపేసి, వేణ్ణీళ్ల టాప్ తిప్పండి. ఆ గీజరులో ఉన్న నీళ్లు గది నీడలో నిలిచినవి కాబట్టి ట్యాంకు నీళ్లకన్నా చల్లగా ఉంటాయి. ఒక బకెట్ వరకే ఈ సుఖం. అందుకే తెల్లారగట్ల ఒక బకెట్ పట్టి మూతపెట్టి ఉంచుకునేవాళ్లు తెలివైనవాళ్లు.

బోరు నీళ్ల ఊళ్లలో సబ్బు నురగ రాదు, తల జిడ్డుగానే ఉన్నట్టనిపిస్తుంది. అక్కడ సబ్బుకన్నా షాంపూ నయం.

తలకు రంగు వేసుకునేవాళ్లు, పెళ్లికి నలుగు పెట్టుకునేవాళ్లు, గోరింటాకు పెట్టుకుని పడుకునే ఆడపిల్లలు, దయచేసి ముందు ఒక ఫోన్ చేయండి. “పాత టవలు, పాత షీటు పంపండి” అంటే పంపిస్తాం. ఇక గెస్టులకు పనికిరావని పక్కన పడేసిన దుప్పట్లు మా దగ్గర గుట్టగా పడి ఉంటాయి. పసుపు మరక, తల రంగు మరక తెల్ల టవల్‌ను వదలవు. ఖాళీ చేసేటప్పుడు ఆ టవలు ఖరీదు బిల్లులో వేస్తే మీకూ కష్టం, అడగాల్సిన మాకూ ఇబ్బంది. షూలు తుడవడానికీ అదే పాత గుడ్డ అడగండి.

ఏసీ, దోమలు, వెలుతురు

2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టార్ లేబుల్‌తో వచ్చే గది ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని నిబంధన ఉంది. ఆ 24ను 16కి తోసేస్తే గది తొందరగా చల్లబడుతుందనుకుంటారు. మామూలు ఏసీ చల్లబరిచే వేగం అదే, ఆగే చోటే మారుతుంది. అర్ధరాత్రి వణుకుతూ కంబళ్లు అడిగేది ఈ 16 వాళ్లే. 25 పెట్టి, ఫ్యాను ఒకటి మీదో రెండు మీదో తిప్పి, పల్చటి దుప్పటి కప్పుకోండి. అరకులో, లంబసింగి వైపు చలికాలం వెళ్లేవాళ్ల లెక్క వేరు. అక్కడ బుక్ చేసేటప్పుడే గీజరుందా, కంబళ్లు మనిషికి రెండిస్తారా అని అడగాలి, రాత్రి అడిగితే అక్కడున్నవన్నీ అప్పటికే వేరే గదులకు పోయి ఉంటాయి.

దోమలు కాలవగట్టు ఊళ్లలో తప్పవు. చీకటి పడకముందే కిటికీ మూసి, మందు మెషీన్ తెప్పించి పెట్టండి. రాత్రి పదకొండుకు దోమ చెవిలో పాడాక పెడితే, అది పనిచేసేలోపు మీ నిద్ర ఎగిరిపోతుంది. బాత్‌రూమ్ వెంటిలేటర్ చూసుకోండి, సగం దోమలు అక్కడినుంచే వస్తాయి.

కర్టెన్లు ఎంత లాగినా మధ్యలో ఒక సందు మిగిలి, పొద్దున ఎండ సరిగ్గా ముఖం మీదే పడుతుంది. బ్యాగులో రెండు బట్టల క్లిప్పులు వేసుకోండి. కర్టెన్‌కి ఒకటి, బాత్‌రూమ్‌లో తడి తుండు ఆరేయడానికి ఒకటి.

కాఫీ, టిఫినూ

గదిలో కెటిల్ ఉంటే మొదటిసారి నీళ్లు కాచి పారబోయండి. ముందున్న పెద్దమనిషి అందులో పాలు కాచాడో, మ్యాగీ వండాడో, గుడ్లు ఉడికించాడో ఎవరికి తెలుసు? మేం తోముతాం, కానీ అడుగంటిన పాల వాసన అంత తొందరగా పోదు. ఆ కెటిల్ పక్కన పెట్టే పొడి పొట్లాల కాఫీ గురించి నా అభిప్రాయం అడగకండి. ఫిల్టర్ కాఫీ మీద ప్రాణం ఉన్నవాళ్లు చిన్న సీసాలో డికాక్షన్ తెచ్చుకుని, కిచెన్‌కి ఫోన్ చేసి ఫ్లాస్కులో వేడి పాలు తెప్పించుకుంటారు. పాలకు మాత్రం బిల్లేస్తారు, అయినా పొట్లాల కాఫీకన్నా ఎన్నో రెట్లు నయం. చంటిపిల్ల పాలసీసా మరిగించాలన్నా కిచెన్‌లో చేసిస్తారు, కెటిల్‌తో కుస్తీ పట్టకండి.

టిఫిన్ ఉచితమన్నచోట మొదటి అరగంటలో వెళ్లండి. ఇడ్లీ అప్పుడే దిగి ఉంటుంది, చట్నీ గిన్నె నిండుగా ఉంటుంది. తొమ్మిదిన్నరకు పెళ్లివారు గుంపుగా దిగుతారు, తర్వాత వచ్చినవాళ్లకు ఉప్మాయే. పొద్దున్నే అయిదింటికి బయల్దేరిపోయేవాళ్లు రాత్రి ఎనిమిదిలోపు చెబితే, టిఫిన్ బదులు బ్రెడ్డో, పళ్లో, ఏదో ఒకటి కట్టిస్తారు. డబ్బులు కట్టిన టిఫిన్ వదులుకోవడం ఎందుకు?

బయటినుంచి కర్రీ పాయింట్ కూరలు తెచ్చుకుంటే ప్లేట్లు, చెంచాలు అడగండి. మంచం మీద పేపరు పరిచి పప్పుచారు పోసుకునే సాహసం వద్దు.

పెద్దవాళ్లు, ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు

అమ్మానాన్నలను తీసుకొచ్చేవాళ్లు మిగతావన్నీ మర్చిపోయినా బాత్‌రూమ్ మర్చిపోవద్దు. గ్రానైట్ నేల తడిస్తే జారుతుంది. ప్లాస్టిక్ స్టూలు, బయట కాళ్లు తుడుచుకునే మ్యాట్‌తో పాటు లోపల వేయడానికి ఇంకొకటి, రెండూ అడగండి. రాత్రి బాత్‌రూమ్ లైటు వేసి ఉంచి తలుపు ఓరగా తెరిచి పెట్టండి. కొత్తచోట స్విచ్ ఎక్కడుందో నిద్రమత్తులో వెతుక్కుంటూ పడేవాళ్లే ఎక్కువ. గది లిఫ్ట్‌కి దూరంగా అని పైన చెప్పాను కదా, పెద్దవాళ్లకు ఆ మాట తిరగేయండి. వాళ్లకు చప్పుడుకన్నా నడక కష్టం.

ఒంటరిగా వచ్చే ఆడవాళ్లకు నేను చెప్పేది: గది నంబరు పైకి అరవకుండా చీటీ మీద రాసిమ్మనండి. రాత్రి ఏదైనా కావాలంటే “లేడీ స్టాఫ్‌తో పంపండి” అనండి, ఉంటే పంపుతాం. లేకపోతే తలుపు బయట పెట్టి వెళ్లమనండి. లోపలి గడియ పడని గది ఎంత బాగున్నా తీసుకోకండి.

ఎప్పుడు అడగాలి

పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట వరకు మాకు ఊపిరి ఆడదు. ఖాళీ అయిన గదులు, కొత్తగా వచ్చేవాళ్లు, లాండ్రీ ఆటో, అన్నీ అప్పుడే. అప్పుడు ఇస్త్రీ పెట్టె అడిగితే గంట పడుతుంది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మంచి టైము, ఏం కావాలన్నా పది నిమిషాల్లో వస్తుంది. రాత్రి పదిన్నర దాటితే మా హోటల్లో లినెన్ రూమ్‌కి తాళం పడుతుంది, నైట్ డ్యూటీలో ఒక్క కుర్రాడు ఉంటాడు. చేతిలో ఉన్నవే ఇవ్వగలడు. చాలా హోటళ్లది ఇదే కథ. అందుకని రాత్రికి కావలసినవన్నీ, దిండు, దుప్పటి, మంచినీళ్లు, దోమల మందు, సాయంత్రమే ఒకేసారి చెప్పేయండి.

గది ఊడ్పించుకోవాలంటే మీరు బయటికి వెళ్లేటప్పుడు రిసెప్షన్‌లో ఒక మాట చెప్పండి. తలుపుకి డూ నాట్ డిస్టర్బ్ బోర్డు తగిలించి సాయంత్రం వచ్చి “గది శుభ్రం చేయలేదేం” అంటే మా తప్పు కాదు.

టిప్పు ఇవ్వదలచుకుంటే రోజుకింత అని ఆ రోజు గది చేసిన మనిషి చేతికే ఇవ్వండి. చివరి రోజు ఇస్తే అప్పటికి డ్యూటీ మారి ఇంకొకరికి చేరుతుంది. అయిదు వందలు అక్కర్లేదు, యాభై ఇచ్చి పేరు పెట్టి పలకరిస్తే మర్నాడు మీ గదిలో టవళ్లు అడక్కుండానే రెండు ఎక్కువుంటాయి. ఇది రూల్ పుస్తకంలో లేదు.

బిల్లు, ఆఖరి చూపు

గది అద్దె రోజుకు 7,500 రూపాయల దాకా ఉంటే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం, అంతకుముందు 12 ఉండేది. అద్దె 7,500 దాటితే 18. పాత లెక్క వేశారేమో చూసుకోండి. భోజనం బిల్లులో సర్వీస్ చార్జి అని ఉంటే తీసేయమనవచ్చు. దాన్ని తప్పనిసరిగా వేయకూడదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది.

రైలు సాయంత్రమైతే గది ఖాళీ చేసినా బ్యాగులు రిసెప్షన్‌లో పెట్టి ఊరు తిరగొచ్చు, చీటీ రాయించుకోండి.

బయల్దేరే ముందు మూడు చోట్ల చూడండి: దిండు కింద, బాత్‌రూమ్ తలుపు వెనక కొక్కెం, మంచం పక్క ప్లగ్గు. గొలుసులు, గాజులు మొదటిచోట, చీరలు, తువ్వాళ్లు రెండోచోట, చార్జర్లు మూడోచోట దొరుకుతాయి మాకు. దొరికినవి పుస్తకంలో రాసి అలమరలో పెడతాం. ఫోన్ చేస్తే వెతికి చెబుతాం, కొరియర్ ఖర్చు మీరు పెట్టుకుంటే పంపిస్తాం కూడా. ఫోన్ చేసేటప్పుడు గది నంబరు, ఖాళీ చేసిన తేదీ చెప్పండి. “నల్ల చార్జరండీ” అంటే మాత్రం ఏం లాభం లేదు, మా అలమరలో ఉన్నవన్నీ నల్ల చార్జర్లే.